పిల్లల పళ్ళు చూడండి, కలెక్టర్ గారూ

తమిళనాడులోని ధర్మపురి జిల్లా కలెక్టర్ గారికి,

ఈ జిల్లా బడుల్లో ఇప్పుడు ఆరు, ఏడు తరగతులు చదువుతున్న పిల్లల ముందుపళ్ళను ఊరూరా పరీక్ష చేయించి, ఏ ఊళ్ళో ఎందరికి ఫ్లోరైడ్ గార పట్టిందో ఆ ఊరి గ్రామసభలోనే చదివి వినిపించమని అడగడానికి ఈ ఉత్తరం. కోరిక ఇంతే. ఎందుకు అడుగుతున్నానో చెప్పడానికి మాత్రం కాస్త చోటు కావాలి.

సోమవారం మీ ఆఫీసుకు వచ్చి అర్జీ ఇవ్వొచ్చు కదా అంటారేమో. ఇచ్చేవాళ్ళు ఇస్తూనే ఉన్నారు, తమిళంలో. ఇది తెలుగులో రాస్తున్నది ఇంకొందరు కూడా చదవాలని. ధర్మపురి, కృష్ణగిరి, హోసూరు పల్లెల్లో తెలుగు మాట్లాడే ఇళ్ళు బోలెడు. ఎల్ల దాటితే కుప్పం, ఇంకా పైకి పోతే కనిగిరి, నల్లగొండ. రాష్ట్రాలు వేరైనా బోరు కిందున్న రాయి గుణం ఒకటే. మీరు ఇక్కడ చేసి చూపిస్తే అక్కడివాళ్ళు తమ కలెక్టర్లను అడుగుతారు.

పళ్ళే ఎందుకంటే: బిడ్డ పుట్టిన దగ్గర్నుంచి నాలుగైదేళ్ళలోపు, చిగుళ్ళ లోపల, శాశ్వత ముందుపళ్ళ పైపొర తయారవుతుంది. ఆ రోజుల్లో ఒంట్లోకి ఫ్లోరైడ్ ఎక్కువ చేరితే ఆ పొర సరిగ్గా గట్టిపడదు. ఆరేడేళ్ళకు పన్ను బయటికొచ్చేసరికి దాని మీద సుద్దలాంటి తెల్లచారలుంటాయి, పోనుపోను అవే పసుపుపచ్చగా, గోధుమరంగుగా మారతాయి. ఎంత తోమినా పోవు. తర్వాత మంచి నీళ్ళు తాగినా పోవు. పెద్దయ్యాక చెడ్డ నీళ్ళు తాగితే మోకాళ్ళు, నడుము పట్టేస్తాయి గాని పంటి మీద ఈ మరక కొత్తగా రాదు. కాబట్టి పన్నెండేళ్ళ పిల్ల ముందుపన్ను, ఆ పిల్ల పాలు మానుతున్న వయసులో ఆ ఇంట్లో ఏ నీళ్ళున్నాయో చెప్పే చిట్టా. దాన్ని ఏ గుమస్తా దిద్దలేడు.

కావేరి నీళ్ళను ఈ జిల్లాకు తెచ్చే హొగెనకల్ మంచినీటి పథకాన్ని అప్పటి ముఖ్యమంత్రి జయలలిత ప్రారంభించింది 2013 మే 29న. ఫ్లోరోసిస్ (ఈ ఫ్లోరైడ్ జబ్బు) నివారణ అన్న మాట పథకం పేరులోనే ఉంది. ఆ తర్వాత పుట్టిన పిల్లలు ఇప్పుడు మీ బడుల్లో ఉన్నారు, వాళ్ళ పాలపళ్ళు ఊడి అసలు పళ్ళు వచ్చేశాయి. కావేరి నీళ్ళే తాగి పెరిగుంటే ఆ పళ్ళు తెల్లగా మెరవాలి. మరకలుంటే గొట్టం ఊరిదాకా వచ్చి, నీళ్ళు నోటిదాకా రాలేదని అర్థం.

మనం రాతిలోపలి నీళ్ళు తాగే స్థితికి ఎలా వచ్చామో ఒకసారి చూడాలి. ఎవరో ఒకరి దుర్మార్గం వల్ల జరిగినది కాదు ఇది. మా ముందుతరం దిగుడు బావుల్లో, చెరువుల్లో నీళ్ళు ముంచుకునేది. వాటితో కలరా వచ్చేది, నారికురుపు వచ్చేది. ఆ బావులు వద్దన్నది ప్రభుత్వం, ఆ మాట సరైనదే. 1970ల చివర్లో యూనిసెఫ్, మద్రాసులో ఫ్యాక్టరీ ఉన్న ప్రభుత్వరంగ సంస్థ రిచర్డ్‌సన్ అండ్ క్రుడాస్ కలిసి ఇండియా మార్క్ టూ చేతిపంపును తయారుచేసి దేశమంతా దించాయి. ఊరి మధ్య చప్టా, ఇనప పిడి, కింద బోరు. 1996లో దేశంలో చివరి నారికురుపు కేసు నమోదయింది. ఆ గెలుపులో చేతిపంపు పాలు తక్కువేమీ కాదు. సూక్ష్మజీవుల కోసం నీళ్ళను పరీక్షించిన రోజులవి. రాతిలో ఏముందో అప్పుడు ఎందరు చూశారు?

తర్వాత సేద్యం కూడా బోరు మీదికి మళ్ళింది. ఈ రాష్ట్రంలో చిన్న రైతులకు 1984లో, 1990 ప్రాంతంలో అందరికీ వ్యవసాయ కరెంటు ఉచితమైంది. దగ్గర్లోనే నామక్కల్ జిల్లాలో తిరుచెంగోడు ఉంది, దేశానికంతటికీ బోరు బండ్లు పంపే ఊరు. రాయలసీమలోనో తెలంగాణలోనో అర్ధరాత్రి పొలంలో బోరు వేసే లారీ మీద తమిళ అక్షరాలు చూడని రైతు అరుదు. కరెంటు ప్రభుత్వం ఇచ్చింది, రిగ్గు వ్యాపారి ఇచ్చాడు, అప్పు ఎవరిచ్చారో రైతుకే తెలుసు. వంద అడుగుల నీరు మూడొందలకు, ఆరొందలకు, వెయ్యికి దిగింది. గట్టిరాతి నేలల్లో నీరు రాయిని అంటిపెట్టుకుని ఎంతకాలం ఉంటే ఫ్లోరైడ్ అంతగా కరిగి కలుస్తుంది. ఎగుమతయ్యే గ్రానైట్ దొరికే నేల మాది. ఆ రాతి ఖనిజాలే కొంత నేల కిందినుంచి మా గ్లాసుల్లోకి వస్తున్నాయి.

ఈ జబ్బు ప్రభుత్వానికి తెలియక కాదు. 1937లోనే నెల్లూరు జిల్లా పల్లెల్లో ఎముకలు బిగుసుకుపోయిన మనుషుల గురించి డాక్టర్లు వైద్య పత్రికలో రాశారు. అప్పుడు ఆ నెల్లూరూ, సేలం జిల్లాలో తాలూకాగా ఉన్న ఈ ధర్మపురీ ఒకే మద్రాసు ప్రెసిడెన్సీ. ఆ వ్యాసానికీ హొగెనకల్ కుళాయికీ మధ్య 76 ఏళ్ళు. 2008-09లో కేంద్రం ఫ్లోరోసిస్ నివారణ కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు తొలి ఐదు జిల్లాల్లో నెల్లూరు ఉంది. తర్వాత ధర్మపురి కూడా అందులో చేరింది. నల్లగొండ పేరైతే గారపంటికీ వంగిన ఎముకకూ పర్యాయపదం అయిపోయింది. పటిక, సున్నం కలిపి నీళ్ళలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి నాగపూరులోని నీరి పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు ఆ జిల్లా పేరే పెట్టారు. తెలంగాణ మంచినీటి పథకం మిషన్ భగీరథ పైలాన్ 2015లో చౌటుప్పల్‌లో లేచిందీ అందుకే.

అమెరికా ముచ్చట ఒకటి చెప్పాలి, ఎందుకంటే ఇందులో కంపెనీ పాత్ర తమాషాగా ఉంటుంది. కొలరాడోలో పిల్లల పళ్ళు గోధుమరంగులో ఉండటం ఫ్రెడరిక్ మెకే అనే దంతవైద్యుడు 1901లో గమనించి, కారణం కోసం ముప్పై ఏళ్ళు తిరిగాడు. చివరికి 1931లో అతనికి కారణం చెప్పింది అల్యూమినియం కంపెనీ ఆల్కోవాలో రసాయనవేత్త చర్చిల్. కంపెనీ సొంత ఊరు బాక్సైట్‌లో పిల్లల పళ్ళకూ అవే మరకలు. అల్యూమినియం గిన్నెలు విషమన్న పుకారు అప్పటికే ఉంది. నింద తమ గిన్నెల మీద పడుతుందేమోనన్న భయంతో కంపెనీ నీళ్ళను పరీక్షించింది, ఫ్లోరైడ్ దొరికింది. వెంటనే ప్రభుత్వ దంతవైద్యుడు ట్రెండ్లీ డీన్ ఊరూరా పిల్లల నోళ్ళు చూసి, పంటి మరకలకు ఒక కొలత కట్టాడు. యంత్రాలు అక్కర్లేని ఆ కొలతను నేటికీ ప్రపంచమంతా వాడుతున్నారు. వెలుతురు, చిన్న అద్దం, కాస్త శిక్షణ ఉన్న కన్ను చాలు. వ్యాపారం తన పరువు కోసం నిజం కనిపెట్టింది, ప్రభుత్వం దాన్ని ఊరి లెక్కగా మార్చింది. ఆ రెండో పని మన దగ్గర జరగాలి.

మళ్ళీ మన నీళ్ళకొద్దాం. హొగెనకల్ పథకానికి కేంద్రం, కర్ణాటక ఒప్పుకున్నది 1998లో. శంకుస్థాపన 2008 ఫిబ్రవరిలో. మార్చిలో కర్ణాటక బీజేపీ నాయకుడు యడియూరప్ప హొగెనకల్ వచ్చి ఈ చోటు మాదన్నారు. బెంగళూరులో, చెన్నైలో సినిమావాళ్ళు రోడ్డెక్కారు. కర్ణాటక ఎన్నికలు అయ్యేదాకా ఆగుదామని ఏప్రిల్‌లో అప్పటి ముఖ్యమంత్రి కరుణానిధి ప్రకటించారు. ఇక్కడ గారపళ్ళ పిల్లలు ఎవరి ఎన్నికలకో ఆగారు. తర్వాత జపాన్ సహకార సంస్థ జైకా అప్పుతో, దాదాపు 1,929 కోట్ల రూపాయలతో పథకం పూర్తయింది. నదిమట్టం నుంచి, సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున్న హోసూరు పీఠభూమి దాకా నీళ్ళెక్కించడం చిన్న పని కాదు. ధర్మపురి, కృష్ణగిరి జిల్లాల్లో ఆరువేలకు పైగా పల్లెలకు గొట్టాలు వేసిన ఇంజనీర్లకు, కూలీలకు దండం పెట్టాల్సిందే. బెంగళూరుకు కావేరి ఐదో దశ నీళ్ళు, రోజుకు 77.5 కోట్ల లీటర్లు, 2024 అక్టోబరులో వచ్చాయి. దానికీ అప్పు జైకాదే. ఇక్కణ్ణుంచి బెంగళూరుకు మేస్త్రీ పనికి పోయిన కుర్రాడు అక్కడ కావేరి తాగుతాడు. పండక్కి ఇంటికొచ్చి ఏం తాగుతాడన్నది వాళ్ళ ఊరి ట్యాంకును బట్టి ఉంటుంది.

నా ఫిర్యాదు అంతా ఆ ట్యాంకు దగ్గరే. చాలా పంచాయతీల్లో ట్యాంకు ఒక్కటే, దాంట్లోకి వచ్చే గొట్టాలు రెండు. ఒకటి హొగెనకల్‌ది, ఇంకొకటి పాత బోరుది. పై నీళ్ళు తక్కువొచ్చిన రోజు, కరెంటు లేని రోజు, ఎక్కడో గొట్టం పగిలిన రోజు ఆపరేటర్ బోరు మోటారు వేస్తాడు. అతణ్ణి తప్పుపట్టలేం. నీళ్ళు రాకపోతే ఊరు తిట్టేది అతణ్ణే, ఏ నీళ్ళు వచ్చాయని అడిగేవాళ్ళు లేరు. రెండూ కలిసి ఒకే కుళాయిలో దిగుతాయి. ఫ్లోరైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. కాచితే పోతుందని చాలామంది అమ్మలు నమ్ముతారు. పోదు, నీరు ఆవిరై తగ్గేకొద్దీ మిగిలిన నీటిలో ఇంకా చిక్కబడుతుంది. ఇంటింటికీ కుళాయి అన్న జల జీవన్ మిషన్ లెక్కలో ఆ ఇల్లు పచ్చరంగులో ఉంటుంది. కుళాయి ఉంది కదా.

కుళాయి మీద నమ్మకం పోయిన చోటికి కేన్ వచ్చింది. ఇరవై లీటర్ల నీలం కేన్ రాని వీధి ధర్మపురిలో లేదు. పాలక్కోడు, పెన్నాగరం, హరూరు పల్లెల్లోకి కూడా మినీ లారీలు తిరుగుతాయి. కేన్ వ్యాపారిని నేను తిట్టను. ఆర్.ఓ. యంత్రం ఫ్లోరైడ్‌ను నిజంగానే తీసేస్తుంది, సరిగ్గా నడిపితే. కాని ముప్పయ్యో నలభయ్యో పెట్టి రోజూ కేన్ కొనగలిగిన ఇంటి పిల్ల పళ్ళు తెల్లగా, కొనలేని ఇంటి పిల్ల పళ్ళు గారగా ఉంటే, డబ్బున్నవాళ్ళెవరో లేనివాళ్ళెవరో నోరు తెరవగానే తెలిసిపోతుంది. పోనీ కొనేవాళ్ళయినా కేన్ దేనికి వాడతారు? తాగడానికి. అన్నం, పప్పు, సంగటి ఉడికేది కుళాయి నీళ్ళతోనే. ఆర్.ఓ. ప్లాంటు ఒక కేన్ నింపడానికి దాదాపు అన్ని నీళ్ళనూ, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువా పారబోస్తుంది. మనం తాగని ఫ్లోరైడ్ అంతా ఆ మురుగులో చిక్కగా చేరి ఏ కాలువలోకో, మళ్ళీ నేలలోకో పోతుంది. పక్క రైతు బోరు దాన్నే తోడుతుంది.

ఆ కేన్‌లో ప్రభుత్వానికీ వాటా ఉంది. ఇరవై లీటర్ల నీళ్ళ మీద జీఎస్టీ 2018 జనవరిలో 18 శాతం నుంచి 12కు దిగింది. 2025 సెప్టెంబరు 22 నుంచి 5 శాతం. తగ్గించినందుకు సంతోషమే. కాని కుళాయిలో నమ్మకమైన నీళ్ళు రాక నీళ్ళు కొనుక్కున్నవాడి దగ్గర పన్ను వసూలు చేయడంలో న్యాయం ఏ మూల ఉందో నాకు కనపడలేదు. సీసా నీళ్ళకు బీఐఎస్ ముద్ర తప్పనిసరి అన్న నిబంధనను ఆహార భద్రతా సంస్థ 2024 అక్టోబరులో ఎత్తేసి, రెండు నెలలు తిరక్కుండానే ఆ నీళ్ళను ఎక్కువ ప్రమాదమున్న ఆహార పదార్థాల జాబితాలో చేర్చింది. ఒక చేత్తో తాళం తీసి, ఇంకో చేత్తో కాపలా పెంచారు. ఇలాంటి నిర్ణయాలు ఢిల్లీలో ఒక పేరాగా అచ్చవుతాయి. పెన్నాగరంలో కేన్ మూత తీసే మనిషికి వాటి సంగతి తెలియదు.

హొగెనకల్ కుళాయి తెరిచిన 2013లోనే, సెప్టెంబరు 15న, ప్రభుత్వం 'అమ్మ కుడినీర్' అని లీటరు సీసా పది రూపాయలకు బస్టాండుల్లో అమ్మడం మొదలుపెట్టింది. ప్రయాణికుడికి మేలే. ఇంట్లోకి నీళ్ళు పంపాల్సిన ప్రభుత్వమే నీళ్ళ దుకాణం తెరవడం మాత్రం ఆలోచించాల్సిన విషయం. ఇంకో మాట, కోపం వస్తే క్షమించండి: 2003 నవంబరు నుంచి ఈ రాష్ట్రంలో మందు అమ్మేది ప్రభుత్వ సంస్థ, ఇంటికి కేన్ నీళ్ళు అమ్మేది ప్రైవేటు వ్యాపారి. ఎవరు ఏది అమ్మాలో తారుమారయినట్టు లేదూ?

ఈ మరక ఆరోగ్య శాఖ ఫైల్లోనే ఆగిపోయేది కాదు. పెళ్ళిచూపుల్లో పిల్ల నవ్వకుండా కూర్చుంటుంది. ఉద్యోగం ఇంటర్వ్యూలో కుర్రాడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడతాడు. పళ్ళు తెల్లబరిచే క్లినిక్‌లకు, పంటి మీద తొడుగులు వేసేవాళ్ళకు బేరం తగ్గదు. టీవీలో ఫ్లోరైడ్ ఉన్న పేస్టు కొనమని ప్రకటన వస్తే, మచ్చలు పోతాయనుకుని తల్లి అదే కొని పిల్లలకు బ్రష్షు నిండా వేస్తుంది. తప్పు పేస్టుది కాదు. బఠానీ గింజంత చాలనీ, మింగకూడదనీ ఆమెకు ఎవరూ చెప్పలేదు.

లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకపోతే పర్వాలేదన్న కొలమానం గురించి కూడా ఒక మాట. మన బీఐఎస్ ప్రమాణంలో కోరదగిన హద్దు 1.0, వేరే నీళ్ళు లేనప్పుడే 1.5 దాకా. 1.5 అన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన అంకె కూడా. కాని ఎండ దేశాల్లో మనుషులు ఎక్కువ తాగుతారు, దాన్ని లెక్కలోకి తీసుకోండని ఆ సంస్థే చెబుతుంది. నీడపట్టున కూర్చున్నవాడు రెండు లీటర్లు తాగుతాడేమో. మే నెలలో క్వారీలో రాళ్ళు కొట్టే మనిషి, పాలక్కోడు టమాటా తోటలో కోత కోసే ఆడమనిషి నాలుగైదు లీటర్లు తాగుతారు. ఒకే కుళాయి నీళ్ళు ఆఫీసు మనిషికి ఒక మోతాదు, కూలీ మనిషికి రెండింతలు. తిండి కూడా తేడా తెస్తుంది. పాలు, ఆకుకూరలు, ఉసిరి ఉన్న కంచంలో ఫ్లోరైడ్ దెబ్బ కొంత తగ్గుతుంది. చింతపండు తింటే మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువగా బయటికి పోతుందని హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థవాళ్ళు పిల్లల మీద పరిశీలించి రాశారు. చింతచెట్లకు లోటులేని జిల్లా ఇది. రాజు అదియమాన్ కవయిత్రి అవ్వయ్యారుకు ఉసిరికాయ ఇచ్చాడని చెప్పుకునే తగడూరు ఈ ధర్మపురే మరి.

మీరు చెప్పబోయే జవాబు నేను ఊహించగలను. జనాభా పెరిగింది, వచ్చే నీళ్ళు చాలడం లేదు, హొగెనకల్ రెండో దశ వస్తోంది, అది వస్తే అన్నీ సర్దుకుంటాయి. రానివ్వండి. కాని మొదటి దశ ఎక్కడ నోటిదాకా చేరింది, ఎక్కడ ట్యాంకులో ఆగింది అన్నది తెలియకుండా రెండో దశ గొట్టం ఎటు వేయాలో ఎలా నిర్ణయిస్తారు? నీటి బోర్డు దగ్గర పంపు చేసిన నీటి లెక్క ఉంది. తాగిన నీటి లెక్క పిల్లల నోళ్ళలో మాత్రమే ఉంది. సర్వేలు జరిగే ఉంటాయి. అవి శాఖ నుంచి శాఖకు పోతాయే తప్ప, తన ఊళ్ళో ఎందరికి గార పట్టిందో ఊరి మనిషికి తెలిసే దారి లేదు.

ఖర్చు భయం వద్దు. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు 2013 నుంచి బడులకు వెళ్తూనే ఉన్నాయి, వాళ్ళు చూడాల్సిన జబ్బుల్లో పళ్ళ జబ్బులూ ఉన్నాయి. ధర్మపురిలో ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది. డీన్ కొలత ప్రకారం ఒక్కో పిల్లకు రెండు నిమిషాలు పట్టదు. పిల్ల పేరు రాయకండి, ఊరి పేరు, పుట్టిన సంవత్సరం రాయండి. పక్కనే ఆ ఊరి ట్యాంకు నీటి ఫ్లోరైడ్ అంకె. ఈ రెండూ ఒకే కాగితం మీద ఉంటే చాలు, పెద్ద నివేదిక ఎవరికీ అక్కర్లేదు.

దాంతోపాటు ఇంకో రెండు పనులు చేయించండి. ట్యాంకు స్తంభం మీద ఒక బోర్డు పెట్టించండి: ఈ రోజు హొగెనకల్ నీళ్ళా, బోరు నీళ్ళా, కలిపినవా. సుద్దముక్కతో ఆపరేటరే రాయగలడు. బోరు రోజున చంటిపిల్లలున్న ఇల్లు నిన్నటి బిందె నీళ్ళు వాడుకుంటుంది. రెండోది, బడుల్లో, అంగన్‌వాడీల్లో పొద్దున టిఫిను, మధ్యాహ్నం అన్నం ఏ నీళ్ళతో వండుతున్నారో మీరే స్వయంగా అడగండి. ఆ వంటగదికి బోరు గొట్టం ఉంటే ముందు దాన్ని కోయించండి. జిల్లాలో ఫ్లోరైడ్ ఎక్కువగా హానిచేసే వయసు పిల్లల్లో చాలామంది రోజూ కూర్చుని తినే చోటు అది.

తమిళనాడులో మార్చి 22, ప్రపంచ నీటి దినం నాడు, ప్రతి పంచాయతీలో గ్రామసభ జరగాలని నియమం ఉంది. నీళ్ళు పొదుపుగా వాడుతామని ప్రతిజ్ఞ చేయించి, ఫొటో తీసి పంపేస్తుంటారు. వచ్చే మార్చి 22న ఆ ప్రతిజ్ఞకు ముందు ఊరి పిల్లల పళ్ళ లెక్క చదివించండి. ఆ కాగితం మీద మీ సంతకం ఉండాలి. వచ్చే ఏడు అదే తేదీన అదే లెక్క మళ్ళీ చదివించండి.

ఇట్లు,
ధర్మపురి జిల్లా తెలుగు పౌరుడొకడు